టైలరమ్మ మిషను

భోజనాల వేళయినా వెనకగదిలో కుట్టుమిషను దగ్గర మొగుడూ పెళ్ళాల వాదన తెగలేదు.

“మిషనుకు నూనె పెడతావు, గుడ్డ కప్పుతావు. కుట్టాల్సి వస్తే మాత్రం చేత్తోనే కుడతావు.”

“అది టైలరమ్మది. మీ తమ్ముడు ఆవిడ ఇంట్లో దిగినప్పుడు అడ్డమని ఇక్కడ పడేశాడు.”

“ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పుడు మా తమ్ముడున్నాడు.”

“ఆవిడ పోలేదండీ. వాళ్ళ జాతివాళ్ళందరితోపాటు తరిమేశారు.”

“నేను తరిమానా?”

“మీరు కిటికీ మూశారు. నేను తలుపు గడియ పెట్టాను.”

“సరే, ఇప్పుడు తిరిగొస్తానని అర్జీ పెట్టుకుంది. ఆ ఇల్లు ఆవిడదేనా అని తాలూకా ఆఫీసువాళ్ళు అడిగితే గుర్తులేదను. వీధి వీధంతా అదే చెప్పింది.”

“ఈ వీధి ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడకు నోటికొచ్చు. మనకు ఆవిడ ఇల్లు గుర్తులేదా?”

“నీతులు బాగానే చెబుతావు. తమ్ముడు పిల్లల్నేసుకుని ఎక్కడికి పోతాడు?”

“ఆవిడ పిల్లల్నేసుకుని ఎక్కడికి పోయిందని ఆ రోజు మీరడిగారా?”

ఆయన లేచి వెళ్ళి తమ్ముడి పక్కన కంచం ముందు కూర్చున్నాడు. ఆమె అందరికీ వడ్డించాక గిన్నె కింద పెట్టింది.

“రేపు పొద్దున ఆఫీసుకెళ్ళి, ఆ ఇల్లు టైలరమ్మదేనని సాక్షి సంతకం పెట్టి వస్తాను. మరిదిగారూ, వేరే ఇల్లు దొరికేదాకా మీరంతా మా వెనకగదిలో సర్దుకోండి. మిషను మాత్రం జరపకండి.”