వెనక పెద్ద టైర్లు

ఇస్సాకు టైర్ల కొట్టూ సుగుణమ్మ టీ కొట్టూ తెనాలిలో నందివెలుగు రోడ్డు మీద పక్కపక్కనే ఉండేవి. తొంభై మూడులో, వానలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున మిషన్ ఆసుపత్రి గుమస్తా కృపారావు పాత ఫోర్ వీల్ జీపొకటి తెచ్చి ఆ రెండు కొట్ల ముందు ఆపాడు. రేపల్లె అవతల లంక ఊళ్ళకి నర్సమ్మల్ని తీసుకెళ్ళడానికి ఆసుపత్రివాళ్ళు కొన్న బండి అది. వెనక టైర్లు రెండూ నున్నగా అరిగిపోయాయి. ఎవరో దయతలిచి ఇచ్చిన రెండు లావుపాటి టైర్లు బండిలోనే ఉన్నాయి. వాటిని వెనక బిగించమన్నాడు.

ఇస్సాకు బండికి కొట్టి ఉన్న రేకు మీద అంకె చదివి, టైర్ల మీద అంకె చదివి, తల అడ్డంగా ఊపాడు. "ఇవి వద్దండి. ఫోర్ వీల్ బండికి నాలుగూ ఒకటే సైజు ఉండాలి. అదీ ఈ రేకు మీదున్న సైజే."

టీ కొట్టు బల్ల మీద నుంచి పురుషోత్తం నవ్వాడు. ఒకప్పుడు రేపల్లెలో రొయ్యల చెరువుల కామందు దగ్గర జీపు తోలినవాడు. ఇప్పుడు మాటలు తప్ప ఇంకేమీ తోలడం లేదు.

"రేకు చదివి టైరేసేవాడు మెకానిక్కేంటండీ, గుమస్తా అంటారు వాణ్ణి. మిమ్మల్ని కాదులెండి కృపారావు గారూ, ఇలా వచ్చి కూర్చోండి. సుగుణమ్మా, ఈయనకో టీ ఇవ్వమ్మా. మూడేళ్ళ కిందట తుఫాను వచ్చిందా, అది పోయాక రేపల్లె చుట్టుపక్కల రోడ్లన్నీ అడుసు. మా కామందు గారి అమ్మగారు రాజరాజేశ్వరమ్మ గారికి ఆయాసం, బాపట్ల ఆసుపత్రికి చేర్చాలి. ఊళ్ళో ఏడుగురు డ్రైవర్లుంటే ఏడుగురూ దుప్పట్లు ముసుగేసుకుని పడుకున్నారు. నేను వెళ్తానన్నాను. వెనక రెండు పెద్ద టైర్లు బిగించాను, ముందు చిన్నవి అలాగే ఉంచాను, ఫోర్ వీల్ లీవరు వేశాను, అడుసు దాటాను. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు, నేను కాదనను."

"ఎవరూ చెయ్యకూడదు," అన్నాడు ఇస్సాకు.

"విన్నారా. ఇలాంటివాళ్ళంతా కలిసి దేశాన్ని జాకీ మీద నిలబెట్టేశారండి, దించేవాడు లేడు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక ఎత్తు, ముందు పల్లం అయింది కదా బండి, దాని దారి దానికెప్పుడూ దిగుడేనండి. ఇంజను కట్టేశాను. చెరుకుపల్లి దాటేదాకా చుక్క డీజిలు తాగలేదు, ఆ జారుడుకే పోయింది."

"మరి తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడవుతుందిగా బాబాయ్?" అంది సుగుణమ్మ, గ్లాసులు కడుగుతూనే.

"బండి తిప్పితే ముక్కు కూడా ఇటే తిరుగుతుంది కదమ్మా. ఇటూ పల్లమే. ఈ ముక్క తెలియకే ఇంజనీర్లు ఏళ్ళ తరబడి చదువుతున్నారు. సరే, అలా పల్లంలో పడ్డ బండి ఊరికే ఆగుతుందా? బాపట్ల వచ్చిందని నేను చూసేలోపే బాపట్ల వెళ్ళిపోయింది. మీటరులో ముల్లు చూస్తే ఇరవై దగ్గరుంది, పక్కన పోతున్న మెయిలు రైలు చూస్తే నా వెనక ఉంది. పెద్ద టైరు ఒక చుట్టు తిరిగితే ముల్లుకి అర చుట్టే తెలుస్తుందిలెండి, దానికెంత బుర్ర ఉంటుంది, ఈ ఇస్సాకుకున్నంత. పోయి పోయి రామాపురం దగ్గర సముద్రంలో దిగాం."

"మునిగిపోలేదా?" అన్నాడు కృపారావు.

"గాలి నిండిన టైరు మునుగుతుందా మాస్టారూ? తేలింది. నాలుగు చక్రాలూ నాలుగు తెడ్లు. అవతల పన్నెండు పడవలు అలల్లో చిక్కుకుని ఉన్నాయి, జాలర్లు ఏడుస్తున్నారు. ఒకడు మోకు విసిరాడు, దాన్ని బండి వెనక కట్టాను, పన్నెండింటినీ దండలా లాక్కొచ్చి ఒడ్డున పెట్టాను. ఆ ఉప్పుగాలికి పెద్దావిడ ఆయాసం పోయింది. చేపల పులుసు ఉందేమో కనుక్కోమంది."

బల్ల చివర తెల్ల చొక్కా పెద్దాయన ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన అప్పటిదాకా రోడ్డు వైపే చూస్తున్నాడు. ఇప్పుడు కొంచెం ఇటు తిరిగాడు.

"ఆరోగ్యం బాగైతే ఇంక ఆసుపత్రి ఎందుకు?" అన్నాడు ఇస్సాకు.

"మాటిచ్చాను కాబట్టి. మీకు అలాంటివి ఉండవులే. వెనక్కి బాపట్ల బయల్దేరాను. మిట్టమధ్యాహ్నం ఎండ, టైర్లలో గాలి వేడెక్కింది. వేడెక్కితే గాలి పెరుగుతుంది కదండీ, టైర్లు పొంగడం మొదలెట్టాయి. మనిషెత్తయ్యాయి, మేడెత్తయ్యాయి, కొబ్బరికాయలు చేతికందుతున్నాయి. సరిగ్గా అప్పుడు బాపట్ల దగ్గర రైలు గేటు. గేటుమన్ చెయ్యి అడ్డం పెట్టాడు, గూడ్సు వస్తోందట. నేను ఆగుతానా? పట్టాల మీదికి తీసుకెళ్ళాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు చక్రాలు పట్టాలకి అవతల, వెనక చక్రాలు ఇవతల, మధ్యలో నుంచి, మా బండి కింద నుంచి, గూడ్సు వెళ్ళిపోయింది. యాభై ఎనిమిది పెట్టెలు. పెద్దావిడ కిందికి తొంగి చూసి లెక్కపెట్టింది. గేటుమన్ జెండా జారవిడిచి, నోరు తెరిచి, నాకు సెల్యూటు కొట్టాడు. రైల్వేవాళ్ళకి అంతకన్నా ఏం చేతనవుతుంది?"

కృపారావు తన జీపు వైపు చూసుకున్నాడు. "రైలు సంగతి అలా ఉంచండి. వెనక పెద్ద టైర్లు వేసుకోవచ్చంటారా? ఎక్కేది నర్సమ్మలు."

"నా పేరు చెప్పి వేయించండి. లీవరు మాత్రం తారురోడ్డెక్కినా తియ్యకండి. తియ్యడం పిరికితనం. నేను తియ్యలేదు."

తెల్ల చొక్కా పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"నా పేరు బర్నబాస్ అండి. రైల్వేలో చేసి పోయినేడు రిటైరయ్యాను. మీరు చెప్పిన గేటులో ఆ రోజు డ్యూటీ నాదే. నేను సెల్యూటు కొట్టలేదు."

పురుషోత్తం తన టీ గ్లాసు అందుకుని, తాగకుండా పక్కన పెట్టాడు.

"గేటు తీసే ఉందండి," అన్నాడు బర్నబాస్, కృపారావుకే చెబుతూ. "జీపు మెల్లిగా వచ్చింది. వెనక పెద్ద టైర్లు, ముందు చిన్నవి. బండి కింద అప్పటికే కరకరమని చప్పుడు. పట్టాల మీదికొచ్చేసరికి పెళ్ళున విరిగి, ముందుకీ పోదు, వెనక్కీ పోదు. తోసినా చక్రం తిరగలేదు. అప్పటికే అవతలి స్టేషనులో పాసింజరు వదిలేశారు. నేను ఎర్రజెండా తీసుకుని పట్టాల వెంట పరిగెత్తాను. ఇక్కడి నుంచి ఆ కరెంటు స్తంభం ఉంది చూశారా, అంత దూరంలో ఆగింది ఇంజను."

"విరిగింది గేరుపెట్టె," అన్నాడు ఇస్సాకు. "చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి, పెద్దది తక్కువ తిరగాలి. లీవరు వేస్తే లోపల రెండిటినీ కలిపి కట్టేసినట్టే. అడుసులో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద జారదు. లోపల ఏదో ఒకటి విరగాల్సిందే."

"మరి పెద్దావిడ?" అంది సుగుణమ్మ. నీళ్ళలో గ్లాసు అలాగే పట్టుకుని ఉంది.

"బండిలోనే ఉందమ్మా. దిగలేదు, ఆయాసం. నేను తిరిగొచ్చి, ఇంకో ఇద్దర్ని కేకేసి, కుర్చీలో మోసుకుని దింపాం. దింపుతుంటే ఒకటే అడుగుతోంది, మా డ్రైవరు బాబుకి ఏం కాలేదు కదా నాయనా అని. నేనేం చెప్పను? బండి ఆగిన మరుక్షణం అతను తలుపు కూడా వెయ్యకుండా దూకి, తమలపాకు తోటల్లోకి పారిపోయాడు. దెబ్బ తగిలింది, కట్టు కట్టించుకోవడానికి వెళ్ళాడు అని అబద్ధం చెప్పాను. ఆవిడ ఆయాసంలోనే దణ్ణం పెట్టుకుంది, అతని కోసం."

కృపారావు లేచి జీపు దగ్గరికెళ్ళాడు. లావుపాటి టైర్లు రెండూ తనే దించి రోడ్డు పక్కన పడేశాడు. "రేకు మీదున్న సైజే, నాలుగూ. దొరికేదాకా బండి ఇక్కడే ఉంటుంది ఇస్సాకూ," అన్నాడు.

"ఆ గేటులో అప్పట్లో ముగ్గురు నలుగురు మారేవాళ్ళు," అన్నాడు పురుషోత్తం, ఎవరి వైపూ చూడకుండా. "జీపులు కూడా చాలా తిరిగేవి. ఈయన ఇంకెవర్నో చూసి ఉంటాడు."

"అయ్యుండొచ్చండి. నేను అతని ముఖం చూడలేదు," అన్నాడు బర్నబాస్.

పురుషోత్తం కండువా దులుపుకుని, పనుందన్నట్టు లేచి, తాగని టీ బల్ల మీదే వదిలేసి, చినుకుల్లో స్టేషను వైపు గబగబా నడిచాడు.

బర్నబాస్ అతను మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఇప్పుడు గుర్తుపట్టానండి," అన్నాడు. "ఇదే వీపు."