చెవి అందిన బిడ్డకు వయసెంత?

1986 నవంబరు 17వ తేదీన పెద్దపంజాణి మండలంలోని ఒక పల్లె బడిలో ఉపాధ్యాయునిగా విధుల్లో చేరిన శ్రీ అంజినప్ప గారు, దాదాపు నాలుగు దశాబ్దాల సేవానంతరం మదనపల్లెలో ప్రధానోపాధ్యాయులుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. బాల్యమంటే ఏమిటో తేల్చుకోవడానికి మాత్రం ఆ కాలం వారికి చాలలేదని, సహోద్యోగులుగా సవినయంగా మనవి చేస్తున్నాం.

వారు చేరిన నాటికి ఆ పల్లెలో జనన ధ్రువపత్రం ఎవరూ చూసి ఎరుగరు. కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి బిడ్డ ఎడమ చెవిని అందుకుంటే ఆరేళ్లు నిండినట్టే. పుట్టినతేదీ అందరికీ జూలై ఒకటో తేదీయే. చెవి అందనివారు మేకల వెంట వెళ్లేవారు. అందినవారిలోనూ సగం మంది మేకల వెంటే వెళ్లేవారు. తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు, బిడ్డ అంటే ఇంటికి ఆసరా అయ్యే రెండు చేతులని అందరూ అనుకునే కాలమది.

1992లో బయ్యమ్మ అనే కూలీ తన కూతురు సంగీతను తీసుకొచ్చింది. చూడబోతే నాలుగేళ్లు మించవు. చేతులు మాత్రం పొడుగు, చెవి ఇట్టే అందింది. "ఆరేండ్లని రాసుకో సార్, నేను కూలికి పోవాల" అంది తల్లి. అంజినప్ప గారికి అనుమానం పీకుతూనే ఉన్నా, నియమం నియమమేనని ఆరు రాశారు.

పన్నెండేళ్లు గడిచాయి. పుంగనూరు ఉన్నత పాఠశాలకు బదిలీ అయిన వారికి, ఇంటర్ ముగించిన సంగీతకు శ్రావణంలో పెళ్లని కబురందింది. పరుగున వెళ్లి, "పదహారేండ్ల బిడ్డకు పెండ్లేందమ్మా?" అని నిలదీశారు. బయ్యమ్మ పద్దెనిమిది నిండినట్టున్న బడి పత్రం తెచ్చి చేతిలో పెట్టింది. వయసు రాసిన దస్తూరి వారిదే.

"ఆ పొద్దు పెద్దదని రాసిందీ నువ్వే, ఈ పొద్దు సిన్నదని వచ్చిందీ నువ్వే. యాది నమ్మాలప్పా మేము?"

వారు ఆ పత్రాన్ని మరోసారి చదివారు. చట్టానిది ఒక లెక్క, చేనుది ఒక లెక్క, తాము రాసినది మరొక లెక్క! చివరకు తాము రాసినదే తప్పని అధికారులకు లిఖితపూర్వకంగా ఇచ్చారు. పెళ్లి ఆగింది. వారికి సంజాయిషీ నోటీసు వచ్చింది, పదోన్నతి మూడేళ్లు వెనక్కి పోయింది.

పెళ్లి ఆగిన మరునాడే సంగీత వారి బడికి వచ్చింది. కృతజ్ఞత చెబుతుందనుకున్నారు.

"మీరూ మాయమ్మా నా వయసు మీద కొట్లాడితిరి. నాకేం కావాలని ఒకరన్నా అడిగితిరా సార్?"

"ఏం కావాలమ్మా?"

"నాకూ తెలీకుండాది సార్."

ఆనాటి అయోమయం వారిని నేటికీ వదలలేదు. కుప్పంలో ప్రధానోపాధ్యాయులైనాక, చేరవచ్చిన ప్రతి బిడ్డనూ తల్లితో మాట్లాడక ముందే "నీకు రావాలని ఉండాదా?" అని అడిగేవారు. బిడ్డలు బిక్కమొహం వేసేవారు, తల్లులు నవ్వేవారు. అడగడం మంచిదో కాదో తమకూ తెలియదని మాతో అనేవారు.

పుంగనూరులో నర్సుగా స్థిరపడిన సంగీత గత వారం పదకొండేళ్ల కూతురితో వచ్చింది. "దీన్ని ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్లో యేద్దామా సార్? ఇప్పుడు యేయకుంటే వెనకబడిపోతాది." మేకల కాలం పోయి ర్యాంకుల కాలం వచ్చిందని సంతోషించాలో, మళ్లీ అవే రెండు చేతులు కావాల్సివచ్చాయని బాధపడాలో వారికి పాలుపోలేదు. బిడ్డ వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నారు.

ఆ పాప తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది. ఎవరూ లేరు. "నన్నా సార్ అడుగుతాండారు? ఆలోచించి చెప్తా" అంది.

ఇంకా ఆలోచిస్తూనే ఉందట. తల్లి తొందరపెట్టడం లేదట. తీరిగ్గా ఆలోచించుకుని ఆ పాప చెప్పబోయే మాట వినేందుకు, విన్నాక మళ్లీ అయోమయంలో పడేందుకు, శ్రీ అంజినప్ప గారు సంపూర్ణ ఆరోగ్యంతో సుదీర్ఘకాలం మన మధ్య ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.