వెనక నడిచే చోటు

అధ్యక్షులు పెద్దాఫీసరు గారికి, వేదిక మీది పెద్దలకు, రేపటి నుంచి ఈ ఆఫీసులో సర్వేయరుగా కూర్చోబోయే కొత్తమ్మకు, కుర్చీలు చాలక గోడలకు ఆనుకున్న మా గొర్రెల కాపరులకు నమస్కారాలు. నాకెందుకయ్యా ఈ మైకు? మందను అదిలించే గొంతు నాది. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్న మన సర్వేయరు బాబు మొదటిసారి మా మందలు నడిచే బాట కొలవడానికి వచ్చినప్పుడు మేమంతా మందలతో కొండ అవతల మేపులో ఉన్నాం. ఆయన అటు చూసి, ఇటు చూసి, ఒక్క గొర్రె కూడా కనబడక, 'ఖాళీ జాగా' అని రాసుకుని చక్కా వెళ్లిపోయారు. మేం తిరిగొచ్చేసరికి బాటకు అడ్డంగా ఎవరిదో కంచె! తిన్నగా ఈయన గదికే వచ్చాను. "బాబూ, మీరంతా ఊరెళ్లినప్పుడు నేనొచ్చి మీ ఇల్లు ఖాళీ అని రాసుకుపోతే ఊరుకుంటారా?" అన్నాను. ఆయన తల గోక్కుని, "నేను ఊరుకున్నా మా ఆవిడ ఊరుకోదు పెద్దమ్మా" అన్నారు. ముందు వరసలో నవ్వుతున్నారుగా అమ్మా, నిజమేనా? (నవ్వులు)

ఆ మర్నాటి నుంచి మాతోనే నడిచారు. ఏం నడకలెండి, పొట్టేలు కాస్త తల వంచితే చాలు, ఉరికి జీపెక్కేవారు! మా మేకొకటి టోపీ సగం నమిలేస్తే, మిగిలిన సగం నెత్తిన పెట్టుకునే కొలత పూర్తిచేశారు. కంచె తీయించారు, బాట వెంట హద్దురాళ్లు పాతించారు. దానికోసం ఎవరెవరి చేత ఎన్ని మాటలు పడ్డారో ఆయన ఏనాడూ మాకు చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు.

కానీ బాబూ, కాలువ దగ్గరి ముక్క మిగిలిపోయింది. అక్కడ రాళ్లు పడకుండానే మీరు దిగిపోతున్నారు, కంచె స్తంభాలు మాత్రం అప్పుడే దిగాయి. అది మూసేస్తే మందకు నీళ్లుండవు, మిగతా బాట ఉండీ లేనట్టే. నాకు భయంగా ఉంది. కొత్తమ్మా, మీ మీద అనుమానం కాదు తల్లీ, మీరు మాత్రం మేమున్నప్పుడే వచ్చి కొలవండి.

బాబూ, ఈ కర్ర మీకే. మందకు వెనక నడుస్తూ, కుంటేవాటిని, అలసినవాటిని ఒక్కటీ వదలకుండా తెచ్చే నమ్మకస్తుడికి ఇచ్చేది ఇది. మా ఆయన పట్టిన కర్ర. ఆయన పోయాక ఇంకెవరి చేతికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఎల్లుండి మంద కాలువకు దిగుతుంది. కొత్తమ్మను వెంటబెట్టుకుని రండి. భయపడకండి, పొట్టేలు ముందుంటుంది. (నవ్వులు)

నా మాటలు ఓపిగ్గా విన్నందుకు అందరికీ దండాలు. మా బాటలో నిజంగా ఖాళీగా ఉన్నది ఆ వెనక చోటు ఒక్కటే బాబూ. సెలవు.