నేను తీసేసిన రెండు పంక్తులు

ఈ సభకు అధ్యక్షులైన హెడ్మాస్టరు రామచందర్ గారికి, మన ‘పొలిమేర’ వారపత్రిక యజమాని, సంపాదకులు ఇంద్రసేన గారికి, ముందు వరసలోని పెద్దలకు, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డ మిత్రులకు, మొగుడంపల్లి నుంచి ఇవాళ పాల పని ఆపుకుని వచ్చిన బస్వమ్మకు, కంపోజిటర్ పీటర్ నమస్కారాలు.

ఇందాకటి నుంచి వక్తలు నన్ను ఎంత పొగిడారంటే, ఇంకెవరి గురించో చెబుతున్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. (నవ్వులు) పదహారేళ్ళుగా సీసపు అక్షరాలను తలకిందులుగా చదివినవాణ్ణి, సరిగ్గా నిలబెట్టిన మాట నాకు కాస్త ఆలస్యంగానే అర్థమవుతుంది. కానీ అర్థమైంది. ఇప్పుడే మదన్‌మోహన్ చదివిన సన్మానపత్రం చాలా అందంగా ఉంది. అతను నా దగ్గరే పని నేర్చుకుని, రేపటి నుంచి నా స్టూలు మీద కూర్చోబోతున్నవాడు. కూర్పులో వంక పెట్టడానికి లేదు. అయితే అందులో ఐదో పంక్తి అబద్ధం. ‘ఒక్క తప్పునైనా అచ్చు కానివ్వని పీటర్ గారు’ అట. ఆ పంక్తి ఉన్నంతవరకు ఆ కాగితాన్ని నేను ముట్టుకోను. అధ్యక్షులవారు కోప్పడినా సరే, ఇంద్రసేన గారు ఇప్పటికే కోప్పడుతున్నా సరే. (నవ్వులు)

పత్రిక ఎలా తయారవుతుందో మీలో చాలామంది చూసి ఉండరు. హైదరాబాదు నుంచి రైల్లో వచ్చిన దినపత్రికలు, రేడియోలో విన్న ముక్కలు, ఊళ్ళవాళ్ళు రాసి పంపిన చీటీలు, వీటన్నిటి నుంచి ఇంద్రసేన గారు వార్తలు రాసి ఇస్తారు. నేను ఒక్కో అక్షరాన్ని గడిలోంచి ఏరి, పంక్తి పేర్చి, పంక్తుల కింద పంక్తులు చేర్చి, దారంతో కట్టి, ఇనుప చట్రంలో బిగిస్తాను. తర్వాత ట్రెడిల్ మిషను తొక్కాలి. ప్రతివారం పనికొచ్చే శీర్షికలను మాత్రం విప్పం. కట్టిన కట్ట కట్టినట్టే అరలో దాస్తాం. ‘విలాయతి కబుర్లు’ పై అరలో ఉంటుంది, ‘తాలూకా కబుర్లు’ కింది అరలో ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే అరలోంచి అదే కట్ట తీసేవాడికి చదవాలని కూడా తోచదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. వార్త రెండు పంక్తులు ఎక్కువైతే రెండు పంక్తులు తీసేసే అధికారం కూడా నాకే ఉండేది. ఇంద్రసేన గారు అడిగేవారు కాదు, నేను చెప్పేవాణ్ణి కాదు.

యాభై ఏడు అక్టోబరులో ఒక వార్త వచ్చింది. ఇంగ్లండులో ఒక అణు కర్మాగారంలో మంటలు లేచాయి. చుట్టుపక్కల పల్లెల పాలు తాగవద్దని అధికారులు చెప్పారు, పాలన్నీ పారబోయించారు. వార్త రెండు పంక్తులు పొడుగైంది. ఇంగ్లండు పేరు మొదటి రెండు పంక్తుల్లోనే ఉంది. పైన ‘విలాయతి కబుర్లు’ అని ఉండనే ఉంటుంది కదా, దేశం పేరు మళ్ళీ ఎందుకని ఆ రెండూ తీసేశాను. పై అరలోంచి కట్ట తీసి పెట్టి బిగించాను. అంతకుముందు వారం ఆ రెండు కట్టలనూ ఒకదాని అరలో ఒకటి మార్చి పెట్టినవాడిని కూడా నేనే. శనివారం పత్రిక బయటికి వెళ్ళింది. ‘తాలూకా కబుర్లు’ కింద, అణు కర్మాగారంలో మంటలు, పల్లెల పాలు తాగరాదు.

అణువంటే ఏమిటో అప్పుడెవరికి తెలుసు? స్టేషను అవతల కొత్తగా కడుతున్న నూనె మిల్లుకే ఆ పేరు పెట్టారనుకున్నారు. హెడ్మాస్టరు గారూ, మీరు కూడా ఆ రోజు ఇంట్లో పాలు పారబోయించారని విన్నాను. (నవ్వులు, అధ్యక్షులు తల ఊపారు)

ఆదివారం పొద్దున హోటళ్ళవాళ్ళు పాలు తీసుకోలేదు. సోమవారం కూడా తీసుకోలేదు. సోమవారం పదిగంటలకు బస్వమ్మ ఖాళీ బిందెలతో ప్రెస్సు గడప మీద కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు.

‘నాకు సదువు రాదు. మీ కాయితంల ఏమున్నదో ఏమో, రెండు దినాల పాలు మోరీల పోసిన. రేపు పొద్దుగాల బర్రెకాడికి పోవాల్నా వద్దా, నువ్వే చెప్పు’ అన్నది.

ఇంద్రసేన గారు అప్పుడు చెప్పిన మాట కూడా చెబుతాను, పదేళ్ళయింది కాబట్టి ఆయన క్షమిస్తారు. ‘పేపరే తప్పు చేసిందని పేపర్ల రాస్తె రేపెవడు నమ్ముతడు, పీటర్? శనివారం ఆఖరి పేజీల నాలుగు లైన్లు వేద్దాం, ఫికర్ చెయ్యకు’ అన్నారు.

‘శనివారం దాకా బర్రె పాలియ్యకుండ ఆగుతదా, పటేలా?’ అన్నాను.

ఆయన వద్దన్నారు. నేను మిషను తొక్కాను. ప్రూఫులు తీసే చౌక కాగితం మీద, మా దగ్గరున్న అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, పాలు మంచివే, మంటలు విలాయతిలో, తప్పు నాది అని వేసి కింద నా పేరు పెట్టాను. తడి ఆరకముందే ఆ కాగితాలు తీసుకుని బస్వమ్మ వెంట బస్టాండు హోటళ్ళన్నీ తిరిగాను. చదవడం వచ్చినవాళ్ళకు కాగితం ఇచ్చాను, రానివాళ్ళకు చదివి వినిపించాను. మరునాడు పొద్దున ఆమె తెచ్చిన పాలు చౌరస్తాలో అందరి ముందూ నిలబడి లోటాడు తాగాను. నాకు పాలు పడవు, ఆ సంగతి మా ఇంటావిడకు తెలుసు. (నవ్వులు)

నన్ను వారం రోజులు ప్రెస్సులోకి రానివ్వలేదు. ఆ శనివారం పత్రిక కూడా రాలేదు. తర్వాత ఇంద్రసేన గారే చర్చి గల్లీలోని మా ఇంటికి వచ్చారు. తప్పు ఎక్కడ పడితే సవరణ అక్కడే, అదే సైజు అక్షరాల్లో పడాలన్నాను. ఆయన ఒప్పుకున్నారు. అంత పెద్ద మనసు ఆయనది, అది నేను ఎక్కడైనా చెబుతాను. ఆ ఆచారం ఇవాళ్టికీ నడుస్తోంది. మదన్‌మోహన్, రేపు నిన్ను ఎవరైనా ఆఖరి పేజీకి పొమ్మంటే, పోకు.

ఇంతవరకు మీకు తెలిసిన కథే. ఇంద్రసేన గారు పెళ్ళిళ్ళలో కూడా ఈ కథ చెప్పి నన్ను గొప్పవాణ్ణి చేశారు. చెప్పనిది ఒకటి ఉంది.

ఆ తప్పు నేను సోమవారం చూడలేదు. శనివారం మధ్యాహ్నమే చూశాను. పోస్టుకు ఇవ్వాల్సిన ప్రతులు మడుస్తుంటే శీర్షిక కనబడింది. అప్పటికి సగం ప్రతులు ప్రెస్సులోనే ఉన్నాయి. ఆపవచ్చు. ఊళ్ళో డప్పు వేయించవచ్చు. నేను మిగతా ప్రతులు కూడా మడిచాను. ఎవరు అంత శ్రద్ధగా చదువుతారులే అనుకున్నాను. అక్షరాలు పేర్చి బతికేవాణ్ణి, అవి ఎవరూ చదవకూడదని ప్రార్థన చేసుకున్నాను. మరునాడు చర్చిలో కూడా అదే ప్రార్థన. ఆ వేళకే బస్వమ్మ పాలు మోరీలో పోస్తోంది. బస్వమ్మా, ఆ రెండు రోజుల పాలు పారబోయించింది అచ్చులో పడ్డ తప్పు కాదు, చూసి కూడా ఊరుకున్న నేను. తప్పు చేతిది. నోరు మూసుకున్నది నేను. సిగ్గుపడి పదేళ్ళు దాచాను.

(వెనుక వరసలో బస్వమ్మ లేచి నిలబడింది.)

‘గిది చెప్పెతందుకు పదేండ్లు పట్టిందా, పీటరయ్యా?’

పట్టిందమ్మా. ఆ మంటలు లేచిన చోట పాల సంగతి రోజుల్లోనే చెప్పారట. వాళ్ళు ఇంకేమేమి దాచారో నాకు తెలియదు, నా సంగతి మాత్రం తెలుసు. వాళ్ళకంటే నేనే ఆలస్యం.

‘చెప్పినవ్ గద. కూసో, కాళ్ళు గుంజుతయ్’ అని ఆమె కూర్చుంది. (నవ్వులు, చప్పట్లు)

కూర్చుంటాను. ముందు ఆ సన్మానపత్రం సంగతి తేలనివ్వండి. దాని అక్షరాలు ఇంకా విప్పలేదు, పొద్దున ప్రెస్సుకు వెళ్ళి చూసే వచ్చాను. మదన్‌మోహన్, ఐదో పంక్తి తీసెయ్యి. ఆ జాగాలో, అదే సైజు అక్షరాల్లో, ‘తప్పు చూసి రెండు రోజులు ఊరుకున్నాడు’ అని పెట్టు. అది అచ్చు వెయ్యకూడని మాట అని ఇంద్రసేన గారికి అనిపిస్తే నాకు పత్రమే వద్దు. అలా అచ్చయి వస్తే, నా చేతులతో పటం కట్టించి, లోపలికి వచ్చినవాళ్ళకు ముందు అదే కనబడేటట్టు వాకిట్లో తగిలిస్తాను.

శాలువా మాత్రం తిరిగి ఇవ్వను, చలికాలం వస్తోంది. (నవ్వులు) నన్ను భరించిన ఇంద్రసేన గారికి, ఇంత పొడుగు మాట ఓపిగ్గా విన్న మీకందరికీ, రేపు కూడా పాలు తెచ్చే బస్వమ్మకు నా కృతజ్ఞతలు. ఈ ప్రసంగంలోంచి నేను ఒక్క పంక్తి కూడా తీసెయ్యలేదు. సెలవు.