పేరు లేని సంగానికి వచ్చిన పెట్టె

"అమ్మమ్మా, రాజుల కాలంల మన కొంట ఊరికి చర్చోళ్ల సాయం వచ్చిందంటవు గద, ఏందది?"

అదా బిడ్డా... అది నాకిప్పటికీ సక్కగ సమజ్ కాలే. ఉండు, గుర్తు చేసుకోనీ. నాకు తొమ్మిదేండ్లో... కాదు, పది. బస్తర్ రాజుగారి రాజ్యమే అప్పుడు. ఇప్పపూలు కొలిచిచ్చి ఉప్పు తెచ్చుకునేటోళ్లం, తెల్సునా? ఇప్పుడు ఉప్పుకెవరు లెక్క... ఆఁ, సాయం సంగతి గద, అది జొరాలతోటి మొదలైంది. వానలు పడ్డయంటే సాలు, సలిజొరం. ఇంట్ల నలుగురుంటే నలుగురూ మంచంలనే. మా అమ్మ, పక్కింటి లచ్చక్క, దోర్ల తెగోళ్ల ముసలామె సోమక్క, ముగ్గురు కలిసి జావ కాసి ఇంటింటికి పోసొచ్చేటోళ్లు. చెయ్యమని ఎవరన్న చెప్పిన్రా? ఎవరూ చెప్పలే.

ఆ ముచ్చట ఎట్ల పోయిందో, జగదల్‌పూర్ దిక్కు ఒక చర్చి దాకా పోయింది. ఒక పాస్టరు ఎడ్లబండి మీద వచ్చిండు. తెలుగే మాట్లాడిండు, నడుమ హిందీ కలిపి.

"మా చర్చోళ్లు ఏటేటా కొంత పక్కకు పెడ్తరమ్మా. ఊళ్లల్ల మంచిపని చేసే సంగాలకు ఇస్తం. మీ సంగం పేరేంది?"

మా అమ్మ లచ్చక్క మొఖం చూసింది, లచ్చక్కేమో సోమక్క మొఖం చూసింది.

"సంగమంటే ఏందయ్యా? మేం జావ కాస్తం," అన్నది అమ్మ. "మీ మతంల కలవాల్నా?"

"వద్దమ్మా. ఏమొద్దు."

ఏమొద్దంటే ఇంకా భయమైంది బిడ్డా! ఏదన్న అడిగితే తెలుస్తది. ఏం అడగనోణ్ని ఏమనుకోవాలె, చెప్పు? ఆయన కాయితం మీద 'జావ సంగం' అని రాసుకున్నడు. అమ్మ ఏలిముద్ర ఏసింది.

కొన్నాళ్లకు పెట్టె వచ్చింది. కంబళ్లు, కొయినా బిళ్లలు, జొరానికి. ఒక్కళ్లు ముట్టలే. అది మింగితే కులం పోతదన్నరు పెద్దమనుషులు. అమ్మ అందరి ముందు ఒకటి మింగింది. అబ్బ, ఏం చేదు, మొఖమంత ముడుచుకపోయింది. అయినా ఎవరూ రాలే.

గప్పుడే మా నాయనమ్మకు జొరం. పండ్లు కరుసుకపోతున్నయి, "సచ్చినా చర్చి బిళ్ల మింగ" అంటది. అమ్మ ఏం చేసిందంటే, బిళ్ల నూరి బెల్లంల కలిపి, "సోమక్క ఇచ్చిన చెట్టుమందు అత్తా" అని నోట్లె పెట్టింది. ఒకటి కాదు, రోజుకింత, వారం దాకా.

నాయనమ్మ లేసి కూసుంది. కూసుని ఊకుంటదా? సోమక్క మందు, సోమక్క మందు అని ఊరంత చెప్పింది. జనం సోమక్క గుడిసె ముందు నిలబడ్డరు. ఆమె ఉరికొచ్చి, "నేనేం మందిచ్చిన పిల్లా?" అని అమ్మను పట్టుకున్నది. ఇగ ఏం చేస్తరు? ముగ్గురు కూసుని బిళ్లలు నూరుడే, బెల్లంల ముద్దలు చేసుడే. వద్దన్న పెద్దమనుషులు సుత మింగిన్రు.

మల్లేడు పాస్టరు వచ్చిండు. అమ్మ ఏడ్చుకుంట అంత చెప్పింది. "మా అత్త వద్దన్నది, నేను మోసంజేసి మింగిపిచ్చిన. తప్పా అయ్యా? మీ దేవుడేమంటడు, మా దేవుడేమంటడు?"

ఆయన బండి తాడు ఇప్పుకుంట, "నాకూ తెలవదమ్మా," అన్నడు. "ఇంకో పెట్టె తెచ్చిన. దించమంటవా?"

అమ్మ కండ్లు తుడుసుకొని, "దించు," అన్నది.

నాయనమ్మ పోయేదాక అమ్మ ఆమెకు ఆ సంగతి చెప్పలే. చెప్తే... ఏమో బిడ్డా. నువ్వయితే ఏం చేసేదానివి? సర్లే, వద్దు, చెప్పకు. నీకు అసొంటి జొరం రావద్దు, నీ పిల్లలకు రావద్దు, సల్లగుండు... ఇంక ఏదో అనబోయిన, ఏందో...