మొగుడి పేరు అడిగే ఆఫీసు

సూళ్లూరుపేట స్టేషను వెనక వీధిలో హజరత్తయ్య అరుగు మీద కూర్చున్నవాళ్లు ఆయన కథ పూర్తయ్యేదాకా లేవడమనేది లేదు. ఆయన లేవనిచ్చేవాడు కాదు. ఎండు రొయ్యల వ్యాపారం ఆయనది. మూటలు మద్రాసుకు పంపేవాడు, మాటలు మాత్రం ఊళ్లోనే ఖర్చు పెట్టేవాడు.

ఆ సాయంత్రం నవోమి తనంతట తానే వచ్చి ఆ అరుగు మీద కూర్చుంది, అత్త రెబెక్కమ్మను వెంటబెట్టుకుని. తెల్లారితే మద్రాసు రైలెక్కాలి. మొగుడు హెబ్రోను సముద్రం అవతల పెనాంగులో ఓ రబ్బరు తోట ఆసుపత్రిలో కాంపౌండరు. అతని దగ్గరికి పోవాలంటే, పై దేశాలకు పోయేవాళ్లను విచారించే ఆఫీసులో తను స్వయంగా హాజరు కావాలి. పోయిన నెల ఒకసారి అయింది. ఆఫీసరు కాగితాలన్నీ చూశాడు, టీకా మచ్చ చూశాడు, చివరికి "మీ ఆయన పేరేమిటి?" అన్నాడు. నవోమి నోరు పెగల్లేదు. అత్త చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు కాదు, ఆమే చెప్పాలి. ఎవరో ఒకరి భార్యనని దొంగ కాగితాలతో చాలామంది వస్తున్నారు," అని వాయిదా వేశాడు. ఈసారి కూడా చెప్పకపోతే కాగితాలు తిప్పి పంపేస్తానన్నాడు.

మొగుడి పేరు నోటితో అనకూడదని బైబిల్లో లేదు. రెబెక్కమ్మ ఇంట్లో మాత్రం ఆ కట్టడి ఉంది. గుళ్లో వాక్యం చదివేటప్పుడు హెబ్రోను అనే ఊరి పేరు వస్తే నవోమి "ఆ ఊళ్లో" అని చదివి దాటేసేది. పాదిరీ గారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఇప్పుడు రెబెక్కమ్మే "అనవే, పాపమేం లేదు" అని వారం నుంచి పోరుతోంది. అలవాటు పడిన నోరు వినడం లేదు.

"ఇదొక పనా నవోమీ?" అన్నాడు హజరత్తయ్య, తుండు దులిపి భుజాన వేసుకుంటూ. "మా ఆవిడ కూడా నీ మాదిరే గదా. ఆరేడేళ్ల కింద సింగపూరులో మా మేనమామ అంగడి చూసుకోను రమ్మంటే పోయినాం. ఇదే ఆఫీసు, ఇదే ప్రశ్న. ఈమె నోట్లోంచి నా పేరు రప్పించింది ఎవురు? నేను. ఎట్టనో చెప్తా, ఇనుకో. మొదట మా బర్రెకు నా పేరు పెట్టినా."

"బర్రెకా?" అన్నాడు ఎదురింటి తమలపాకుల కామాక్షయ్య.

"బర్రెకే. మొగుడి పేరయితే తప్పు గానీ బర్రె పేరుకు ఏం తప్పు? పొద్దున్నే కుడితి తొట్టి కాడ నిలబడి, హజరత్తయ్యా రా అనేది. మొదట్లో ఇద్దరం పోయేవాళ్లం, నేనూ బర్రే. పోనుపోను బర్రె ఒకటే పోయేది. అట్టా నోరు తిరిగింది."

"మాకు బర్రె లేదు చిన్నాయనా," అంది నవోమి. ఆమెకు నవ్వు రాలేదు, రాత్రికి రాత్రి ఎవరి బర్రె దొరుకుతుందా అని చూస్తోంది.

"కోళ్లుండాయి," అంది రెబెక్కమ్మ.

"కోళ్లు పనికిరావు వదినా. కన్నకొడుకు పేరు పెట్టిన కోడిని రేపు పండక్కి కొయ్యగలవా? సరే, నోరు తిరిగింది, అంతటితో అయిందా? గొంతు లేవాల. ఆఫీసరు చెవి దాకా పోవాల. దాంతో ఈమెను పులికాటు గట్టుకు తీసకపోయినా. నీళ్ల మీద మాట ఎంత దూరం పోతదో పడవలోళ్లనడుగు. గట్టున నిలబెట్టి, అను అన్నా. అన్నది. కొంగలన్నీ లేచినాయి."

"కొంగలు ఊరికే కూడా లేస్తాయన్నా."

"ఊరికే లేస్తే మళ్లీ వాలతాయి కామాక్షయ్యా. ఇవి వాలలా. ఆ ఏడాది పులికాటులో కొంగన్నది లేదు, చేపలోళ్లు గంపలకు గంపలు పట్టుకుని మా ఆవిడకు దండం పెట్టిపోయినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల శ్రీహరికోట అడివిలో కట్టెలు కొట్టే హజరత్తయ్య ఒకడు గొడ్డలి భుజానేసుకుని పడవెక్కి వచ్చినాడు. ఎందుకు పిలిచినావు వదినా అంటాడు."

ఈసారి నవోమికి నవ్వొచ్చింది. నవ్వుతోనే ఒంట్లో ఏదో ఉషారు పుట్టింది. గట్టు మీద తనే నిలబడినట్టు, అవతలి ఒడ్డు పెనాంగే అయినట్టు.

"ఏదీ, ఇప్పుడు నువ్వను," అన్నాడు హజరత్తయ్య.

"హె..." అంది నవోమి. ఆ ముక్క దగ్గుగా మారింది. రెబెక్కమ్మ మోచేత్తో పొడిచింది. దగ్గు పెద్దదయింది, అంతే.

"పరవాలే, సగం వచ్చింది, మిగతా సగం రైల్లో వస్తది. మా ఆవిడకు రైల్లోనే పదునెక్కింది. తడ దాటినాక ఒకసారి సాధకం చేస్తానని నా పేరు అన్నది. మన జిల్లాలో వీధికొక హజరత్తయ్య ఉంటాడు గదా? పెట్టెలో ఉండే హజరత్తయ్యలంతా లేచి నిలబడినారు. రెండోసారి అనేసరికి, ఇంటికాడ ఏమయిందో ఏందో పిలస్తా ఉండారని మూటలెత్తుకుని ఆరంబాకంలో దిగిపోయినారు. గుమ్మిడిపూండి చేరేసరికి పెట్టెలో మేమిద్దరమే. కాళ్లు చాపుకుని పండుకుని పోయినాం."

"డ్రైవరు దిగలేదా?" అన్నాడు కామాక్షయ్య.

"డ్రైవరు అరవాయన. అందుకే రైలు పోయింది. ఇంక ఆఫీసు. ఆఫీసరు అద్దాలు సవరించుకున్నాడు, నీ భర్త పేరేందమ్మా అన్నాడు. ఈమె ఊపిరి పీల్చింది. నేను ముందే చెవుల్లో దూది పెట్టుకున్నా. అన్నది. యుద్ధం నాటి నుంచి తిరగని ఫ్యాను గిర్రున తిరిగింది. బల్ల మీది కాగితాలన్నీ లేచి ఎవురివి ఎవురి ఫైల్లో పడినాయో, ఆ పొద్దు కొలంబో పోవాల్సినోళ్లు ఫిజీ పోయినారు. ఆఫీసరు లేచి నిలబడి, తెలిసింది తల్లీ, ఇంక అనబాకు అని దండం పెట్టి ముద్ర కొట్టినాడు. కాగితం చేత బట్టుకుని హార్బరుకు పోతే అక్కడ ఓడ లేదు."

"ఏమయింది?" అంది నవోమి, ముందుకు జరిగి.

"ఏమవుద్ది? మా ఆవిడ కేక అక్కడిదాకా వినబడింది. కెప్టెను అది ఓడ కూత అనుకుని లంగరెత్తి పోయినాడు. లేకుంటే ఈ పాటికి సింగపూరులో సేటు మాదిరి ఉండాల్సినోణ్ణి, మీకు రొయ్యలమ్ముకుంటా ఉండా."

"అంత గట్టిగా అన్న మనిషి లోపలే ఉంది గదన్నా," అన్నాడు కామాక్షయ్య. "ఒకసారి అనమను. ఈ పిల్ల వింటది."

"ఆ పొద్దుతో ఆమె గొంతు పోయింది."

"నా గొంతుకేం, బాగానే ఉంది."

హజరత్తయ్య భార్య ఆదిశేషమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో ఎవరూ చూసుకోలేదు. నవోమి లేచి ఆమె దగ్గరికి పోయింది. "నిజంగా పేరు చెప్పినావా చిన్నమ్మా?"

"చెప్పినా. అడిగినాడు, చెప్పినా. బర్రె లేదు, గట్టు లేదు. మెల్లిగా అన్నా. ఆఫీసరు రాసుకున్నాడు. తర్వాత ఈయన్ను అడిగినాడు, నీ భార్య పేరేందని."

"ఇప్పుడదెందుకు?" అన్నాడు హజరత్తయ్య.

"తల గోక్కున్నాడు. పైకి చూసినాడు, నన్ను చూసినాడు. పెళ్లయిన కాడ్నించి ఏమే అని పిలవడం తప్ప ఇంకో మాటంటే గదా. కడాకు పోలమ్మ అన్నాడు."

"పోలమ్మ ఎవురు?"

"మా అత్త."

అరుగంతా ఘొల్లుమంది. రెబెక్కమ్మ వక్కాకు మింగలేక గోడ పక్కకు పరిగెత్తింది.

"నా కాగితంలో ఆదిశేషమ్మ, ఈయన నోట్లో పోలమ్మ. ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి బయటికి పొమ్మన్నాడు. ఓడ దాని టైముకు అది పోయింది."

"చూసుకో నవోమీ," అన్నాడు కామాక్షయ్య, కళ్లు తుడుచుకుంటూ. "అక్కడ పెనాంగులో కూడా అడగతారంట. మీ ఆయన వాళ్లమ్మ పేరు చెప్పినాడనుకో, ఓడెక్కాల్సింది రెబెక్కమ్మే."

"మా హెబ్రోను అట్టాంటోడు కాదు," అంది నవోమి కోపంగా.

అందరూ తననే ఎందుకు చూస్తున్నారో నవోమికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్త వైపు తిరిగింది. రెబెక్కమ్మ మూతి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"రేపు ఆ 'మా' అనే ముక్క తీసెయ్యి," అంది. "ఉత్త పేరు చాలు ఆఫీసరుకు. ఏదీ?"

"హెబ్రోను," అంది నవోమి. మళ్లీ అంది. చేదుగా లేదు.

హజరత్తయ్య తుండు మళ్లీ దులిపాడు. "చూసినారా నా తరిఫీదు? బర్రె లేకపోయినా పని నడిచింది. రేపు ఈ పిల్ల నోరు తెరిస్తే మద్రాసులో..."

"ఏదీ, ముందు నా పేరు చెప్పు," అంది ఆదిశేషమ్మ గుమ్మంలోంచి.

అరుగంతా ఆయన వైపు తిరిగింది. హజరత్తయ్య నోరు తెరిచాడు, మూశాడు, లేచి నిలబడ్డాడు.

"ఏమే, అన్నం చల్లారిపోతా ఉంది," అంటూ లోపలికి పోయాడు.