పాత వంతెన తర్వాతి స్టాపు

హలో… ఆ, నేనే వదినా. … నా గొంతే. నోట్లో గుండుసూదులున్నాయి, అందుకే అలా ఉంది. ఉండు, తీస్తా… ఊఁ. ఇప్పుడు చెప్పు.

… కొట్లోనే. ఇంకెక్కడుంటా? ఎవరిదో గౌను, అంచు మడుస్తున్నా. సాయంత్రానికి కావాలట. వీళ్ళకి అన్నీ సాయంత్రానికే కావాలి.

… నేను తిన్నా. నువ్వు? … ఇప్పుడా తినడం! … సరే సరే, నేనేమీ అనలేదు. ఆడపడుచువి, పెత్తనం నీది.

… ఏంటీ, బూట్లా? కొనేశావా!

… ఇంట్లోనే వేసుకుని తిరుగుతున్నావా? … వంటగదిలో కూడానా?

… అలవాటు కావాలనా! అయ్యో వదినా, నవ్వించకు, వేలికి సూది దిగుతుంది. మంచులో జారకుండా ఇప్పట్నుంచే గచ్చు మీద నడక నేర్చుకుంటున్నావన్నమాట.

…

అదే… ఆ సంగతే చెప్పాలి. నేనే ఫోన్ చేద్దామనుకున్నా నీకు.

… లేదు, టికెట్లు ఇంకా తీయలేదు. ఆ టికెట్ల ఆఫీసు అమ్మాయి, ఇవాళ మూసేలోపు అవుననో కాదనో చెప్పమంది. సెలవుల్లో సీట్లు మిగలవట.

… ఏం చెబుతానా?

… వదినా, ఆ బూట్లు కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడా?

—

లేదు, వేళాకోళం కాదు.

… పిల్లలు రామంటున్నారు. … ఇద్దరూ.

… అడిగా. బతిమాలా. తిట్టా కూడా. గోడకి చెప్పినా కాస్త సున్నమైనా రాలేది.

… చిన్నోడా? వాడికి రోజుకో సాకు. మొన్న చలి పడదన్నాడు. కోటు కుట్టా కదరా అంటే, పరీక్షలన్నాడు. సెలవుల్లో పరీక్షలేంట్రా అంటే, అక్కతో ఒకే గదిలో పడుకోనన్నాడు. పుట్టినప్పట్నుంచీ ఒకే గదిలోనే పడుకుంటున్నాడు వాడు!

… పెద్దది సాకులు చెప్పదు. చెవుల్లో ఆ పాటల బిరడాలు పెట్టుకుని, ఒకటి తీసి, "నువ్వూ అత్తా వెళ్ళిరండమ్మా" అని, మళ్ళీ పెట్టేసుకుంది. అంతే.

… నువ్వు మాట్లాడతావా? మాట్లాడు. ఆ, అత్తా. సరే, అత్తా. అలాగే, అత్తా. అంటారు. ఫోన్ పెట్టి ఎవరి గదిలోకి వాళ్ళు పోతారు.

… వయసే. నాకు తెలీదా? ఆ వయసుకి తలుపులు వేసుకుంటారు, నిజమే. కానీ ఇది ఆ తలుపు కాదు వదినా.

… మీ తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ మా ముగ్గురం ఒక బల్ల చుట్టూ కూర్చుని తిన్నది లేదు. కంచం పట్టుకుని ఒకరు అటు, ఒకరు ఇటు. నేను పొయ్యి దగ్గర నిలబడి. … నీకెందుకు చెప్పలేదా? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది.

… అందుకే కదా ఈ ప్రయాణం పెట్టుకున్నది. వేసవి అయితే పెద్దది హాస్టలుకి పోతుంది. ఇంక ముగ్గురం ఒకచోట దొరకం. ఆయన చెప్పే ఊరైతే కాదనరనుకున్నా. ఆయన చూపించిన ఊరే కదా, ఎగిరి గంతేస్తారనుకున్నా.

… ఒక్క నిమిషం, ఎవరో వచ్చారు. — రండి. జిప్పా? … పళ్ళు ఊడాయి, మొత్తం మార్చాలి. ఆ బుట్టలో పెట్టి రేపు రండి. … రేపే, తప్పకుండా. —

ఆ, ఉన్నావా?

… అదే, ఆ పరాయి దేశపు ఊరి పటం. గుర్తుందిగా? ఆయన బస్సులో ఎవరో వదిలేసి పోయింది. ఎవరూ అడగడానికి రాకపోతే ఇంటికి తెచ్చాడు. ప్రతి ఆదివారం బల్ల మీద పరిచి, పిల్లలిద్దరి వేళ్ళూ దాని మీద పెట్టించి… "రైట్ రైట్" అని…

… అవును. పగలంతా బస్సు నడిపి వచ్చి, సెలవు రోజు మళ్ళీ బస్సే. నేను ఎన్నిసార్లు దెప్పానో.

… నేనా? నేనెక్కడ కూర్చున్నా. వాళ్ళకి వీపు పెట్టి మిషను తొక్కుతూ ఉండేదాన్ని. నా మిషనే వాళ్ళ ఇంజను కదా! దారం తెగి ఆపానో, "ఇంజను ఆగింది, అందరూ దిగి తోయండి" అని ముగ్గురూ వచ్చి నా కుర్చీని తోసేవాళ్ళు. … నువ్వూ తోశావా? … తోశావులే, నీ తోపుడు నాకు గుర్తే.

… అలా నాకు ఆ ఊరంతా చెవులతోనే తెలుసు. గడియారం స్టాపు, పక్షుల అంగడి, పాత వంతెన… స్టాపులన్నీ వింటూనే ఉండేదాన్ని. చివర రేవు.

అందుకే ఆ ఆఫీసు అమ్మాయి "ఎక్కడ గది కావాలండీ" అనగానే, ఠక్కున చెప్పా. పక్షుల అంగడి దగ్గర అని.

… ఆ అమ్మాయి వెతికింది. వెతికి వెతికి, అలాంటిది లేదండీ అంది. నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం చేస్తూ ఊళ్ళ పేర్లు తెలీకపోతే ఎలాగమ్మా అన్నా. పాత వంతెన దగ్గరైనా పర్లేదు అన్నా. అదీ లేదంది. గడియారం స్టాపో? ఊహూఁ.

… మర్నాడు పటమే పట్టుకెళ్ళా. ఇదిగో చూడు అని వేలు పెట్టా.

… నవ్వలేదు పాపం. నవ్వితే బాగుండేది.

… ఆ పటంలో ఉన్నది వేరే భాష వదినా. మీ తమ్ముడికి ఒక్క ముక్క రాదు. పేర్లన్నీ ఆయన పెట్టినవే! అక్కడో పక్షి బొమ్మ ఉంది, కాబట్టి అది పక్షుల అంగడి. ఆ బొమ్మ తపాలా ఆఫీసుకి గుర్తట.

… నవ్వు, నవ్వు. నేనూ నవ్వా, అక్కడే నిలబడి. ఆయన్ని పట్టుకుని అడగాలనిపించింది, ఎంత ధైర్యం నీకు అని.

… అంతటితో అయిపోతే బాగానే ఉండేది. ఆ అమ్మాయి పటం అంచు చూసి, ఇది చాలా పాతదండీ అంది. ఆయన బస్సు తిప్పిన గీత లేదూ, ఎర్రగా? అది బస్సు దారి కాదట, ట్రాము పట్టాలట. ఆ పట్టాలు పీకేశారట. ఎప్పుడో, మా పెళ్ళికి కూడా ముందు. తపాలా ఆఫీసు కొట్టేసి కార్లు నిలిపే మేడ కట్టారట. ఫోటో చూపించింది. బూడిద రంగు గోడలు. ఎక్కడైనా ఉంటుందే, అలాంటిదే.

… వంతెన ఉందట. దాని మీదికి ఎవర్నీ పోనివ్వరట.

…

… ఉన్నా. వింటున్నా.

… నేనూ అదే అనుకున్నా. ఊరు మారితే మారింది, పిల్లలకి కొత్త ఊరే చూపిద్దాం, వాళ్ళకి చెప్పకుండా ఎలాగోలా… అని. ఇంటికెళ్ళి పెద్దదాన్ని కూర్చోబెట్టి, మెల్లగా మొదలుపెట్టా. అమ్మా, నాన్న చెప్పిన ఊరు ఇప్పుడు కాస్త…

… పూర్తి చెయ్యనివ్వలేదు. "తెలుసు" అంది.

… అవును. తెలుసట. చిన్నప్పుడే బళ్ళో కంప్యూటర్లో చూసిందట. ఇంటికొచ్చి నాన్నకి చెప్పేసిందట, నాన్నా ఆ పట్టాలు లేవట, పీకేశారట అని.

… ఆయనా? ఏమంటాడు! "వాళ్ళ ఊళ్ళో పీకేశారేమో, మన బల్ల మీద పీకలేదుగా" అన్నాడట. అని, "మీ అమ్మకి మాత్రం చెప్పకే, నిజంగా తీసుకెళ్ళమంటే దొరికిపోతా" అన్నాడట.

… ముగ్గురికీ తెలుసు వదినా. చిన్నోడికీ తెలుసు. తెలిసే వేళ్ళు పెట్టి కూర్చునేవాళ్ళు. తెలిసే పక్షుల అంగడిలో దిగి చిలకల్ని బేరమాడేవాళ్ళు. తెలీనిది ఇంజనుకే.

…

… కోపం కాదు. ఎవరి మీద?

… అడిగా. మరి తెలిసినప్పుడు బాధేముంది, ఏదో ఒక ఊరు, వెళ్ళొద్దాం పదండి అన్నా. అప్పుడంది పెద్దది. చెవుల్లోవి రెండూ తీసి మరీ అంది.

… "అక్కడికి వెళ్తే ఆ మేడ చూడాలమ్మా. ఒకసారి చూశాక, కళ్ళు మూసుకుంటే అదే వస్తుంది. నాన్న చెప్పినవి రావు" అంది.

… నువ్వైతే ఏమంటావు?

…

… వేరే ఊరా? అదీ అన్నా. ఎక్కడికైనా సరే, మీరే చెప్పండి అన్నా. చిన్నోడు లోపల్నించి, "ఎక్కడికీ వద్దు" అన్నాడు. తలుపు వేసిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. గట్టిగా వేసినా బాగుండేది.

… పోనీ ఇంట్లోనే… అని నువ్వంటావని తెలుసు. చేశా. అదీ చేశా.

… నిన్న, అన్నాలయ్యాక. బల్ల తుడిచి పటం పరిచా. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టా, ఆయన పెట్టినట్టే. పిలవలేదు వాళ్ళని. వెళ్ళి మిషను మీద కూర్చున్నా. కుట్టడానికేమీ లేదు. దారం తీసేసి, గుడ్డ లేకుండా, ఉత్త మిషను తొక్కా.

… పిచ్చే. పిచ్చిదానిలాగే ఉన్నా. పక్కింటివాళ్ళు చూస్తే ఏమనుకునేవాళ్ళో.

… విను. తొక్కుతూ స్టాపులు నేనే పిలవడం మొదలుపెట్టా. నాకా గొంతు లేదు, నీకు తెలుసుగా. "గడియారం స్టాపు" అన్నా. ఎవరూ రాలేదు. "పాత వంతెన" అన్నా.

అప్పుడు లోపల్నించి చిన్నోడు, "ముందు పక్షుల అంగడి" అన్నాడు.

… అవును! వాడే! నేను కాలు ఆపలేదు, ఆపితే ఇంజను ఆగిందనుకుంటాడని. సరిదిద్దుకుని మళ్ళీ పిలిచా. గడియారం స్టాపు. పక్షుల అంగడి. పాత వంతెన…

…

… ఆ తర్వాత ఏమిటో నాకు రాలేదు.

… రాలేదు. అన్నేళ్ళు విన్నా. ప్రతి ఆదివారం విన్నా. వీపు వెనకాల జరిగేది కదా, ఎప్పుడూ ఉంటుందిలే అనుకుంటాం, పట్టి పట్టి వినం. మళ్ళీ మొదట్నుంచీ పిలిచా. మళ్ళీ అక్కడే ఆగా. వాడు అందిస్తాడని చూశా. పెద్దది అందిస్తుందని చూశా.

… లేదు. తొక్కుతూనే ఉన్నా. కాసేపటికి చిన్నోడి గదిలో లైటు ఆరిపోయింది.

… పొద్దున్న చూస్తే పటం మడిచి అలమర మీద పెట్టి ఉంది. గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఎవరు చేశారో అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

…

… మనిద్దరమా? మనిద్దరం వెళ్ళి ఏం చేస్తాం వదినా? కార్ల మేడ చూసొస్తామా?

… తెలుసు. నీకూ చూడాలని ఉంది, తెలుసు. నీ తమ్ముడే కదా. … "నన్ను క్షమించు" అనకు, నువ్వెందుకు అంటావు ఆ మాట.

… కోట్లా? మూడూ కొక్కేనికి వేలాడుతున్నాయి, నా ఎదురుగానే. నీది నాలుగోది, బొత్తాలు కుట్టాలి ఇంకా. చిన్నోడిది ఆయన డ్యూటీ కోటు విప్పి కుట్టింది. పెరిగే పిల్లాడని చేతుల లోపల బాగా గుడ్డ వదిలా. … ఏమో. వాడు పెరిగేదాకా ఉంటుందిలే.

… ఒక్క క్షణం. — అయిపోయిందమ్మా, ఒక్క వైపే మిగిలింది. కూర్చో. … ఆ స్టూలు మీద కాదు, అది ఊగుతుంది. —

గౌను అమ్మాయి వచ్చేసింది. పెట్టేయాలి.

… ఆ, చెబుతా. వద్దని చెబుతా. ఇంకేం చెప్పను?

… వదినా, ఒక్కటి. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు ఆయన పక్కనే కూర్చునేదానివిగా. వేలు కూడా పెట్టేదానివి. పాత వంతెన తర్వాత ఏ స్టాపు?

…

… తొందర లేదు. గుర్తు చేసుకో.

… కాదు, గడియారం ముందే అయిపోయింది.

… అది కాదు. రేవు చివరిది. మధ్యలోది.

…

… తెలీదా.

… ఏడవకు. … నువ్వేం చేస్తావు, ఏడవకు. తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు ఇంట్లో. వాళ్ళు చెప్పరు. నేను ఇంక అడగను.

… సరే. ఆ ఆఫీసు మూసేస్తారు, వాళ్ళకి చేయాలి. … ఆ. … ఉంటా.

… ఏంటి? … ఇంకా కాళ్ళకే ఉన్నాయా?

… విప్పెయ్ వదినా. బూట్లు విప్పెయ్.